సంతకం వచ్చిన పిల్ల వేలిముద్ర

మా ఆయన మీద ఫిర్యాదు రాయాలంటే ఏ కమిషన్‌కు రాయాలో నాకింకా తేలలేదు. మహిళా కమిషన్ వాళ్ళు "కొడతాడా?" అని అడుగుతారు. కొట్టడు. "తాగుతాడా?" అంటారు. చాయ్ తప్ప ఏమీ తాగడు, అదీ సగం వదిలేస్తాడు. ఆయన నేరం వేరు. ఇరవై రెండేళ్ళుగా ఒక సర్కారు ఆఫీసులో పనిచేస్తూ, ఆ ఆఫీసును రోజూ సాయంత్రం తనతోపాటే ఇంటికి తెచ్చుకుంటాడు. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే "పరిశీలిస్తాం" అంటాడు. పరిశీలనలోనే కూర అయిపోతుంది. ఇంటికొచ్చిన ఏ కాగితాన్నీ పారేయడు. కరెంటు బిల్లు, పెళ్ళి పత్రిక, చర్చిలో పంచిన కరపత్రం, దేనికైనా సరే మూలన వచ్చిన తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టి, దారం ఫైలులో గుచ్చేస్తాడు. కాగితం ఫైలులో పడిందంటే పని జరిగినట్టేనని జయపాల్ గారి గట్టి నమ్మకం.

ఆ నమ్మకంతోనే ఆయన ఢిల్లీ నుంచి, జాతీయ మానవ హక్కుల కమిషన్ నుంచి వచ్చిన కవరును కూడా గుచ్చేశాడు. ఇరవై నాలుగు రోజుల కిందట.

ఆ కవరు కోసం మేమెందుకు కాచుకుని కూర్చున్నామో, నాలుగు మాటల్లో చెప్తాను. గద్వాలలో మా ఇంటి వెనక రెండు గదుల్లో అఖిల అద్దెకుంటుంది. ఇరవై ఆరేళ్ళు. ఇంటర్ పాసైంది, సీడు పత్తి చేలకు కూలికి పోతుంది. మొగుడు మహేందర్ రాయచూరు వైపు లారీ మీద తిరుగుతాడు. అయిదేళ్ళ కింద రెండో కాన్పుకు అఖిల కొత్తకోటలో తల్లి దగ్గరికి పోయింది. తల్లి రూతమ్మ కరుణోదయ నర్సింగ్ హోంలో ఆయా కాబట్టి కాన్పు అక్కడే. కడుపు కోసి కొడుకును తీశారు. జాన్ అని పేరు పెట్టుకున్నారు. పదకొండో నెలలో జ్వరమొచ్చి పిల్లవాడు పోయాడు. ఇక ఇంట్లో మిగిలింది మొదటి కాన్పు పిల్ల మనీషా ఒక్కతే, దానికిప్పుడు ఏడేళ్ళు. మళ్ళీ నెల తప్పుతుందేమోనని మూడేళ్ళు చూసి, చివరికి వనపర్తిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి పోతే, ఆవిడ గర్భసంచిలోకి రంగుమందు ఎక్కించి ఫోటో తీసి, "పిల్లలు కాకుంట ఆపరేషన్ చేయించుకొని, ఇప్పుడు పిల్లలు కావాలంటే ఎట్లమ్మా?" అని కోప్పడింది. తన ఒంటికి ఏం జరిగిందో అఖిలకు అట్లా తెలిసింది. జాన్ పుట్టిన రోజే, ఆ మత్తులోనే, ఆమెను ఒక్క మాట అడగకుండా ఆ పని కూడా ముగించారు.

ఫిర్యాదు నేను రాశాను. ఏడాది దాటిన సంగతులను కమిషన్ తీసుకోదట. జరిగిన రోజు నుంచి కాదు, తెలిసిన రోజు నుంచి లెక్క చూడాలని మా ఆయన ఒక పేరా చేర్చాడు. ఆ పేరాయే మమ్మల్ని గడప దాటించింది. దానికోసం ఆయన కాగితాల జబ్బును కొన్నాళ్ళు క్షమించాను కూడా. ఆ తర్వాత ఢిల్లీ వాళ్ళు హైదరాబాదును అడిగారు. హైదరాబాదు వాళ్ళు జిల్లాను అడిగారు. జిల్లా నుంచి ఒక విచారణ బృందం నర్సింగ్ హోంకు వెళ్ళి అడిగింది. నర్సింగ్ హోం వాళ్ళు అంతా సక్రమంగానే ఉందన్నారు. ఆ మాట మళ్ళీ మెట్టుమెట్టుగా ఢిల్లీకి ఎక్కి, అక్కడి నుంచి కవరులో మా ఇంటికి దిగింది.

ఆదివారం పొద్దున గ్యాసు పుస్తకం కోసం ఫైళ్ళు తిరగేస్తుంటే నాలుగు సింహాల ముద్ర కనిపించింది.

"ఇదేంది?" అన్నాను.

"కమిషన్‌ది. మన ఫిర్యాదు ముట్టిందని రసీదు పంపిన్రు. తేదీ వేసి పెట్టిన సూడు."

"విప్పి చూసిండ్రా?"

"అఖిల పేరు మీద వచ్చింది. ఒకళ్ళ కవరు ఇంకొకళ్ళు విప్పొద్దు."

"మరి ఆ ఒకళ్ళకు ఇయ్యొచ్చు గదా."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచాడు. "పోగొట్టలే గదా," అన్నాడు. "భద్రంగనే ఉంది."

విప్పాను. రసీదు కాదు. విచారణ నివేదిక. దాని మీద ఫిర్యాదుదారు చెప్పుకునేది ఏమైనా ఉంటే నాలుగు వారాల్లో చెప్పుకోవాలి. చెప్పకపోతే చెప్పడానికి ఏమీ లేదని అనుకుని ఫైలు మూసేస్తారు. మిగిలినవి నాలుగు రోజులు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన వానను పరిశీలిస్తున్నాడు.

శనివారం సాయంత్రం పట్టిన వాన ఆదివారం పొద్దున కూడా సన్నగా పడుతూనే ఉంది. క్రాసింగు నెలల్లో అఖిల చర్చికి రాదు; పత్తి పువ్వుకు ఆదివారమని తెలియదు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే బొటనవేలి గోరుతో ఒలిచి, లోపలి మగపొడిని తీసేయాలి. తెల్లారి ఇంకో రకం పువ్వు తెచ్చి దానికి అద్దాలి. రోజుకు వందల పువ్వులకు ఆ పిల్ల తన చేతులతో కాపు పట్టిస్తుంది. పువ్వు తడిస్తే పని ఉండదు కాబట్టి ఆ పొద్దున ఆమె మా వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

నివేదిక ఇంగ్లీషులో ఉంది. తెలుగు చేసి చదివాను. "సదరు లబ్ధిదారుకు ముందుగా వివరించి చెప్పడమైనది. ఆమె సమ్మతి తీసుకోవడమైనది. సమ్మతి పత్రంపై లబ్ధిదారు ఎడమ బొటనవేలి ముద్ర కలదు. ఫిర్యాదులో నిజం లేదు." లబ్ధిదారు అన్న మాట దగ్గర కాసేపు ఆగాను. ఏ లబ్ధి పొందిందో వాళ్ళు రాయలేదు.

అఖిల చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని తలెత్తింది. "ఏం ముద్ర?"

"వేలిముద్ర. జిరాక్స్ కూడా పెట్టిన్రు."

"అక్కా, నాకు సంతకమొస్తది." ఎవరో కాదన్నట్టు కాసేపు నా మొహం చూసింది. "హాల్‌టికెట్ మీద పెట్టిన. బ్యాంకుల పెట్టిన. మీ ఫిర్యాదు మీద గూడ పెట్టిన గదా. వేలిముద్ర నేనెన్నడేసిన? రేషన్ షాపు మిషనే నా వేలు పడతలేదు. అహ్మద్ భాయ్ నెలనెల నా కండ్ల ఫోటో గుంజి బియ్యం పోస్తుండు."

సీడు చేను కూలి మనిషి. ఈమెకు సంతకం ఎక్కడిది అనుకున్నారు. అంతే. అడగాలని కూడా తోచలేదు. ఇన్ని మెట్లెక్కి దిగిన కాగితంలో ఇంత పెద్ద కన్నం ఉంటే, విచారణ చేసినవాళ్ళెవరికీ కనపడలేదు. కనపడాలని చూసినవాళ్ళు లేరు.

నాకు నెలల తర్వాత కొంచెం ఆకలి వేసినట్టయింది. మా ఆయన బల్ల సొరుగులో ఇంకుప్యాడు ఉంటుంది, ఉండకుండా ఎట్లా ఉంటుంది. తెచ్చి అఖిల ఎడమ బొటనవేలు దానికద్ది తెల్లకాగితం మీద నొక్కించాను. నున్నటి నీలం మరక పడింది. గీతల్లేవు. ఎనిమిది సీజన్ల మొగ్గలు ఆ వేలిని రాసి రాసి చదును చేసేశాయి. జిరాక్స్ మీదిది అట్లా లేదు. సుడులు తిరిగిన గీతలు స్పష్టంగా ఉన్నాయి. వాటి మధ్య ఏటవాలుగా తెల్లటి చార ఒకటి, తెగి మానినట్టు.

"ఇది నీ వేలు కాదే. ఎవళ్ళన్నా చెప్తరు. అడ్డంగ దొరికిన్రు," అన్నాను.

అఖిల జిరాక్స్‌ను దగ్గరికి తీసుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి మోకాలి కింద పెట్టుకుంది.

"ఎవలిదో తెల్వదక్కా," అంది.

నేను ఎవరిదని అడగలేదు.

మా ఆయన గుమ్మం దాకా వచ్చాడు. తప్పు చేసినప్పుడు ఆయన చట్టం మాట్లాడతాడు. "వేలు ఈమెది కాదని రాస్తే, వేలిముద్రలు పోల్చి చూడమని కమిషన్ అడగొచ్చు. తప్పు తేలితే పరిహారం ఇయ్యమని, చర్య తీసుకోమని సిఫారసు చేస్తది."

"సిఫారసు చేసినంక?"

"ప్రభుత్వం పరిశీలిస్తది."

పరిశీలన అంటే ఏమిటో నాకు కూరల్లో అనుభవం. అయినా రాద్దామనే కాగితం తీశాను. అప్పుడే గేటు చప్పుడైంది. రూతమ్మ వచ్చింది. నెలకొక ఆదివారం సెలవు దొరికితే కొత్తకోట నుంచి బస్సెక్కి మనుమరాలిని చూడ్డానికి వస్తుంది. యాభై దాటిన మనిషి, సన్నగా, గబగబా నడుస్తుంది. మొగుడు యేసయ్య చనిపోయిన ఏడే కరుణోదయలో పనికి కుదిరింది, ఏడేళ్ళయింది. ఈ ఫిర్యాదు వద్దని మొదటి నుంచీ అన్నది ఆమె ఒక్కతే. ఉద్యోగం పోతుందని భయమేమో అనుకున్నాం. అది మా తెలివి.

"వాన గిట్ల పట్టె, బస్సుల కూసునేటందుకు జాగ లేదు శైలజమ్మా. మనీషా ఏది?" అంటూ చెంగుతో తల తుడుచుకుంది.

"చర్చిల ఉంది, పిల్లల క్లాసు. కూసో రూతక్కా," అన్నాను.

అఖిల గడప మీద నుంచి లేవలేదు. "అమ్మా, నీ ఎడమచెయ్యి సూపియ్యి."

"ఎందుకు?"

"ఊకెనే. సూపియ్యి."

రూతమ్మ చెయ్యి చెంగులోకి పోయింది. "నా చేతుల ఏముంటది? బండలు తుడిసి తుడిసి తోలు లేసిపోయింది."

"బొటనవేలు మీద కొడవలి తెగిన గీత ఉంటది గదా. గడ్డి కోస్తుంటే తెగింది. నాకు అయిదేండ్లు. నేనే పాత రవిక చింపి కట్టు కట్టిన."

"ఉంటే?"

అఖిల మోకాలి కింది నుంచి కాగితం తీసి, మడతలు విప్పి, తల్లి ముందర నేల మీద పరిచింది. కుక్కరు కూత వేసింది. ఎన్నో కూతో నేను లెక్కపెట్టలేదు.

రూతమ్మ కాగితాన్ని ముట్టుకోలేదు. "వేలిముద్రలన్నీ ఒక్కతీరుగనే ఉంటయ్," అంది. కాసేపటికి, "ఎవలో ఏసుంటరు," అంది. ఇంకాసేపటికి నా వైపు తిరిగింది. "మీరు సదువుకున్నోళ్ళు శైలజమ్మా. కూసొని కాయితాలు రాస్తరు. సల్లగ ఫ్యాను కింద రాస్తరు. అవి ఏడికో పోతయ్, ఆడికెళ్ళి తిరిగొచ్చి మా నెత్తిన పడతయ్. మీకేం పోయింది?"

ఫ్యాను నిజంగానే తిరుగుతోంది.

"అక్కనెందుకంటవ్. నాతోని మాట్లాడు," అంది అఖిల.

"నీతోని ఏం మాట్లాడాలె? మనీషా కాన్పు నీకు యాదుందా? నీకేడుంటది, నువ్వు తెలివిల లేవు. మూడు సీసాల నెత్తురు ఎక్కిచ్చిన్రు. నీ కాళ్ళు పట్టుకొని కూసున్న నేను. సల్లగయినయ్ నా చేతులల్లనే. మీ నాయిన పోయి అప్పటికి మూడు నెలలు. నువ్వు గూడ పోతవనుకున్న." ఆమె గొంతు పెరగలేదు. బస్సు ఆలస్యమైన సంగతి చెప్పినట్టే చెబుతోంది. "రెండోపారి సిస్టర్ బయటికొచ్చి చెప్పింది. ఇంగొక కాన్పయితే ఈ పిల్ల దక్కది రూతమ్మా, ఎట్లాగు కడుపు కోసినం, ఇప్పుడే ముడేస్తే పీడ వోతది, పిల్ల మత్తుల ఉంది, నువ్వు తల్లివే గదా, నువ్వు వేలు వెయ్యి అన్నది. మగపిల్లగాడు పుట్టిండు. ఆడపిల్ల ఉండనే ఉంది. నేనేం జేయాలె?"

"నన్ను లేపాలె."

"మత్తుల ఉంటివి గదనే."

"మత్తు దిగేదాంక ఆగాలె. పొద్దుగూకేసరికి దిగింది. చాయ్ల రొట్టె ముంచి నువ్వే తినిపిస్తివి. అప్పుడన్న చెప్పాలె. జాన్ పోయిననాడన్న చెప్పాలె." అఖిల చిక్కుడుకాయలు పక్కకు జరిపింది. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు మాట ఇంకా మెల్లగా వచ్చింది. "జాన్ పోయినంక మూడేండ్లు, నెలనెల నువ్వు ఫోన్ చేసినవ్ గదమ్మా. ఏమన్న ఉందా బిడ్డా అని అడుగుతుంటివి. ఏం లేదమ్మా అంటే, దేవుడు సూస్తడులే అంటుంటివి."

ఈ సంగతి నాకు తెలియదు. మా ఆయనకు కూడా తెలియదు. ఆయన గుమ్మంలోంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

రూతమ్మ గోడకు ఆనుకుంది. "అడగకపోతే అనుమానపడతవని అడిగిన," అంది.

"నన్ను లేపి అడిగుంటే, నేనే పెడుదునేమో సంతకం. నాగ్గూడ భయమే ఉండె. రెండోపారి గదిల పోయేటప్పుడు మనీషా మొకం సూసి ఏడిసిన. సాలు అనే అందునేమో. ఏమందునో ఇప్పుడు నాకే తెల్వదు. అది తెలుసుకునే రాత గూడ లేకుంటయింది."

పప్పు అడుగంటిన వాసన వస్తే నేనే లేచి స్టవ్వు ఆపాను. ఇన్ని నెలలు నర్సింగ్ హోం వాళ్ళను తిడుతూ నేను రాసుకున్న వాక్యాలన్నీ గుర్తొచ్చాయి. ఆపరేషన్‌కు ఒప్పుకున్నది "ఎవరో గుర్తు తెలియని వ్యక్తి" అయివుంటారని ఒకచోట రాశాను. ఆ గుర్తు తెలియని వ్యక్తికి నేను నెలకోసారి చాయ్ పోశాను.

చివరికి మా ఆయనే నోరు విప్పాడు, ఈసారి చట్టాన్ని కూడా మెల్లగానే చదివాడు. "ఇది రాస్తే మన అభ్యంతరం బలంగ ఉంటది. పేషెంటు తరఫున ఎవళ్ళు వేసినా అది సమ్మతి కాదు. తల్లయినా సరే. కానీ ఇంకొకళ్ళ పేరు కాడ వేలు వేసినందుకు రూతమ్మ మీద గూడ కేసయితది. నర్సింగ్ హోం వాళ్ళు మొదటి రోజే ఆ మాట అంటరు. మాకేం తెల్వదు, మా ఆయా దొంగముద్ర వేసిందని."

"అది వాళ్ళే వేయించిన్రు గదండి."

"కాయితం మీద ఉన్నది వేయించినోళ్ళ వేలు కాదు."

ఈయన మాటల్లో నాకు నచ్చనివన్నీ నిజాలే అయివుంటాయి.

అఖిల లేచి కుళాయి దగ్గర బొటనవేలు కడుక్కుంది. ఇంకు పోలేదు. సబ్బు రుద్దింది, బండకు రుద్దింది. నేను తీసిన తెల్లకాగితం బల్ల మీద అట్లాగే ఉంది, పైన తేదీ మాత్రం రాసి ఉంది.

"రాయకక్కా," అంది, వెనక్కి తిరగకుండానే. "ఫైలు మూసుకోనియ్యి."

"నాలుగు రోజులున్నయి. జర ఆలోచించు."

"ఆలోచించిన. గెలిస్తే మా అమ్మను జైల్ల పెడతరు. పైసలిస్తరు. కోసింది మళ్ళ అతుకుతదా? అతికినా కడుపు నిలుస్తదని నమ్మకం లేదన్నది గదా డాక్టరమ్మ. మహేందర్‌కు నేనే చెప్పుకుంట. మీరు పరేషాన్ గాకుండ్రి."

నేను వాదించాల్సింది. బీయే చదివాను, వాదన వచ్చు. కానీ ఢిల్లీలో ఎవరో ఒక అధికారి మంచివాడే అయి, మా అభ్యంతరం చదివి, పోల్చి చూడమని ఆదేశమిస్తే, ఆ ఆదేశం హైదరాబాదుకు, జిల్లాకు, చివరికి మా వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చున్న ఈ మనిషి దగ్గరికే వస్తుంది. ఆ పైన కూర్చున్న వాళ్ళెవరి దగ్గరా ఆగదు. ఇది నాకూ కనిపిస్తోంది. పెన్ను మూత పెట్టేశాను.

వాన తెరిపిచ్చింది. వీధిలో ఆటో హారను మోగింది, కూలి ఆడవాళ్ళది. "అఖిలా, ఎండ గొట్టింది, మధ్యాహ్నం మొగ్గలొలిచే పనుందట, వస్తవా?" అని మెహబూబీ కేక వేసింది. అఖిల టిఫిన్ డబ్బాలో రెండు రొట్టెలు వేసుకుంది, తలకు రుమాలు కట్టుకుంది, చెప్పులు వేసుకుంది. తల్లి వైపు చూడలేదు. "మనీషాకు అన్నం పెట్టు అక్కా," అని నాతో చెప్పింది. తల్లి అక్కడే ఉంది.

గేటు గొళ్ళెం మీద చెయ్యి వేసేసరికి రూతమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"శైలజమ్మా, ఆ పెన్ను తియ్యి."

"అఖిల వద్దన్నది గదక్కా."

"దానికి అసలు సంగతంత తెల్వది." చెంగులోంచి ఎడమచెయ్యి తీసి తనే చూసుకుంది. "మనిషి ఎంబడి లేనోళ్ళు వస్తుండిరి. మొగడు బొంబాయిల ఉన్నోళ్ళు. అచ్చంపేట దిక్కుకెళ్ళి పనికొచ్చి ఈడ నొప్పులొచ్చినోళ్ళు. లోపల పడుకోబెట్టినంక సిస్టర్ నన్ను పిలుస్తుండె. రూతమ్మా, వీళ్ళ పేరు కాడ జర వేలియ్యి అంటుండె. నేను చీపురు పక్కకు పెట్టి పోయి ఇస్తుంటి. ఏం కాయితమని ఒక్కనాడు అడగలే. అడిగితే చెప్తదని భయమయ్యింది."

అఖిల గేటు దగ్గర నుంచి తిరిగింది. ఆటో హారను మళ్ళీ మోగింది.

"ఎందరక్కా?" అన్నాను.

రూతమ్మ కూతురి మొహంలోకి చూసింది, వచ్చినప్పటి నుంచి మొదటిసారి.

"తప్పు చేసిన బిడ్డా," అంది. "నీకు చేసిన. నీ ఒక్కదానికే గాదు."